వాగు అవతలి కొత్త ఊరు

మొన్న జూన్‌లో భద్రాచలం అవతలి అడవి పల్లెలకు వెళ్లి వచ్చాను. తిరిగొచ్చిన రోజు అన్నం తిని పడుకుంటే తెల్లారిందాకా మెలకువ రాలేదు. ఫిబ్రవరి తర్వాత అలా నిద్ర పట్టడం అదే మొదలు. అటువైపు వెళ్లని వాళ్ల కోసం, నా దగ్గర చదువుకున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను హైదరాబాదులో ఒక లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయం చెబుతాను. ఈ 2008 ఫిబ్రవరిలో కొసావో సెర్బియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న వారంలోనే నా భార్య వసుధ చనిపోయింది. ఆస్పత్రి వరండాలోని టీవీలో ఎవరో జెండాలు ఊపుతున్నారు. నేను మందుల కోసం వరుసలో నిలబడి ఉన్నాను. తర్వాత క్లాసులో పిల్లలు కొసావో ఇప్పుడు దేశమేనా కాదా అని అడిగారు. రెండు పక్షాల వాదనలూ నాకు వచ్చు. చెప్పబుద్ధి కాలేదు. ఆ విషయం మీద ఒక పత్రికకు ఒప్పుకున్న వ్యాసం కూడా రెండు పేజీల దగ్గర ఆగిపోయింది.

అప్పుడు శ్రీలత ఫోన్ చేసింది. నా పాత విద్యార్థిని. వేంసూరు దగ్గర రైతుల పిల్ల. ఇప్పుడు భద్రాచలంలో వకీలు. అప్పుడప్పుడూ ఏజెన్సీ పల్లెలకు వెళ్లి ఉచితంగా సలహాలు చెప్పి వస్తుంది.

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నారు సార్? ఇక్కడ మీ సబ్జెక్టే నడుస్తోంది. ఒక ఊర్లోంచి ఇంకో ఊరు విడిపోయింది. రెండూళ్ల పెద్దలూ సొంత అన్నదమ్ములు. గుర్తింపు ఇస్తారా ఇవ్వరా అన్నదే తగాదా. వచ్చి చూడండి."

మర్నాడు రైలెక్కాను.

ఖమ్మం

మార్కెట్ యార్డు పక్కనుంచి ఆటో వెళ్తుంటే తుమ్ములు మొదలయ్యాయి. మిరప సీజను అయిపోయినా ఆ రోడ్డు గాలిలో కారం ఉంటుంది. ఆటో అబ్బాయి వెనక్కి చూడకుండానే నవ్వాడు. "కొత్తోళ్లు గిట్లనే తుమ్ముతరు సార్. మాకు తుమ్మొస్తె జరమొచ్చినట్టు."

ఊరంతా కోచింగ్ కాలేజీల బోర్డులే. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు దేవుళ్ల పటాలకన్నా పెద్దవిగా ఉన్నాయి. నా వయసూ చేతిలో సంచీ చూసి అతను నన్ను పిల్లవాణ్ని చేర్పించడానికి వచ్చిన తండ్రి అనుకున్నాడు. కాదు, భద్రాచలం పోతున్నానంటే ఆశ్చర్యపోయాడు.

"ఒక్కరేనా? అమ్మగారు రాలేదా? సీతారాముల కాడికి ఒక్కరే పోరు గద సార్ ఎవరైనా."

"రాలేదు" అన్నాను.

బస్టాండు దగ్గర మెస్సులో పాతిక రూపాయలకు భోజనం. గోంగూర పప్పు మళ్లీ మళ్లీ అడగకుండానే వేశారు. మా కోస్తావైపు ముందు వడ్డించి తర్వాత అడుగుతారు. ఇక్కడ అసలు అడగరు. నా ఎదురుగా కూర్చున్న రైతు కాళ్ల మధ్య పత్తి విత్తనాల ప్యాకెట్ల సంచీ పెట్టుకుని తింటున్నాడు. ఇంట్లో విత్తనం దాచరా అని అడిగాను.

"దాసుడు మానేసి ఎన్నేండ్లాయెనో. ప్యాకెట్ చించుడు, ఏసుడు. మొలిస్తె మన అదృష్టం, మొలవకుంటె కంపెనోడు ఫోనెత్తడు" అన్నాడు. పెద్ద బాధగా ఏమీ కాదు, చారు కలుపుకుంటూ.

పాల్వంచ దగ్గర

బస్సు టైరు పంక్చరైంది. అందరం దిగి రోడ్డు పక్క టీ కొట్టు ముందు చేరాం. టీ మూడు రూపాయలు. కొట్టాయన ముప్పై ఏళ్ల కింద రాజమండ్రి వైపు నుంచి వచ్చాడట. మా బస్సులోని ఖమ్మం గుమాస్తా ఒకాయన పేపరు తిరగేస్తూ తెలంగాణ మాట ఎత్తాడు. కొట్టాయన ఊరుకోలేదు.

"రాష్ట్రం తీస్కోండి, నాకేం. భద్రాచలం మాత్రం మాది. మొదట తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది."

"యాభై ఏండ్ల సంది మా జిల్లాల ఉంది. ఇప్పుడు మీదెట్లయితది?"

"రాష్ట్రం కలిసిన రోజున ఎక్కడుందో చూడు."

"ఇయ్యాల యాడుందో నువ్వు చూడు."

పక్కనున్న శ్రోతలు నా కళ్లద్దాలు చూసి తీర్పు నన్ను అడిగారు. నేను మొదట ఒక సంగతి చెప్పాను. రాష్ట్రం విడిపోవడం, దేశం విడిపోవడం ఒకటి కాదు. రాష్ట్రాల సంగతి మన రాజ్యాంగంలోనే ఉంది, పార్లమెంటు చూసుకుంటుంది. దేశాల సంగతికి అలాంటి పార్లమెంటు ఎక్కడా లేదు. కానీ గీతల విషయంలో రెంటికీ ఒకే పేచీ వస్తుంది. దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో వలస దేశాలు స్వతంత్రమైనప్పుడు, యుగోస్లావియా ముక్కలైనప్పుడు, అప్పటికే ఉన్న పరిపాలన గీతనే సరిహద్దుగా ఒప్పుకున్నారు. కొత్తగా గీస్తే కొట్టుకుంటారని. ఆ సూత్రం మంచిదే. ఏ రోజు నాటి గీత అన్నదే అది అన్నిచోట్లా తేల్చదు. మీ ఇద్దరి పేచీ కూడా అదే.

గుమాస్తా పేపరు మడిచాడు. "అంటె ఇద్దరం గెలిచినట్టేనా సార్?"

"ఇద్దరూ ఓడనట్టు" అన్నాను.

"మరి గీత గీసినవాడికి మధ్యలో రాముడు కనపడలేదా?" అని కొట్టాయన అడిగేసరికి గుమాస్తాతో సహా అందరూ నవ్వారు. ఆయన దగ్గరే గుమాస్తా ఇంకో టీ తాగాడు. టైరు బిగించారు.

భద్రాచలం, పర్ణశాల

వంతెన మీదికి రాగానే బస్సులో జనం చేతులు జోడించారు. నేను గోదావరిని చూస్తూ కూర్చున్నాను. నీళ్లు ఇంకా తక్కువే. ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతోంది.

మా వైపు చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది తిరిగేదాకా గుళ్లకు వెళ్లరు. నాకు ఈ పట్టింపులు లేవు గానీ, వసుధ అక్కయ్యకు ఉన్నాయి. వెళ్లనని ఆవిడకు మాటిచ్చాను. మెట్ల దగ్గర నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. శ్రీలత గుళ్లోకి వెళ్లి పులిహోర తెచ్చింది. తినొచ్చా అని సందేహించాను.

"గుడికి మీరు వెళ్లకూడదు గానీ, గుడి మీ దగ్గరికి రాకూడదని ఎవరూ అనలేదుగా సార్" అంది. వకీలు బుద్ధి. తిన్నాను. బాగుంది.

మర్నాడు పర్ణశాల మీదుగా వెళ్లాం. వాగు ఒడ్డున రాళ్ల మీది చారలు చూపించి అక్కడి గైడు అవి సీతమ్మ చీరలు ఆరేసిన గుర్తులని చెప్పాడు. వసుధకు ఇలాంటివి ఇష్టం. నమ్మేది కాదు, కానీ గైడును మధ్యలో ఆపేది కాదు. నేనూ పూర్తిగా విన్నాను.

అక్కడినుంచి జీపు. నిండా మనుషులు, రెండు మేకపిల్లలు, ఒక పెళ్లి మంచం. దారిలో చెట్ల కింద టార్పాలిన్ గుడిసెలు కొన్ని కనిపించాయి. ఛత్తీస్‌గఢ్ వైపు గొడవలు తట్టుకోలేక సరిహద్దు దాటి వచ్చిన వాళ్లట. వాళ్ల గురించి జీపులో ఎవరూ మాట్లాడలేదు. ఏ ఊరి లెక్కలోనూ లేని వాళ్లంటే ఏమిటో పుస్తకంలో చాలాసార్లు చదివాను. అక్కడ ఒకామె గిన్నె తోముతూ తలెత్తి మా జీపు వెళ్లిందాకా చూసింది.

కొత్తగుంపు

ఈ ప్రాంతంలో చిన్న పల్లెను గుంపు అంటారు. మేం వెళ్లింది కోయవాళ్ల గుంపుకి. దాని పేరు కొత్తగుంపు. వాగుకు ఇవతల పెద్ద ఊరు, అవతల కొత్తగుంపు. వాగు మోకాలి లోతు ఉంది. దాటుతుంటే నా ఎడమకాలి చెప్పు ఊడి కొట్టుకుపోయింది. ఒంటి చెప్పుతో ఊళ్లోకి నడిచాను. పిల్లలు ముందు నా పాదం చూసి, తర్వాత ముఖం చూశారు.

కొత్తగుంపు పెద్ద జోగయ్య. నలభై దాటి ఉంటాయి. అతని అన్న ముత్తయ్య పెద్ద ఊరికి పటేలు, అంటే అక్కడి పెద్ద. జోగయ్య భార్య సమ్మక్క మాకు అడ్డాకుల విస్తళ్లలో జొన్న సంకటి, వెదురు కొమ్ముల కూర పెట్టింది. లేత వెదురు మొలకలను సన్నగా తరిగి వండుతారు. కొంచెం పులుపు. రెండోసారి అడిగి వేయించుకున్నాను. తింటుండగానే ఆమె, "ఇంట్ల ఎవరు పోయిన్రు సారూ?" అని అడిగింది. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. చెప్పాను.

"ఏంది ఇష్టంగ తినేది?"

ఈ నాలుగు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న. మా వాళ్లు నా ముందు వసుధ పేరు పలకడమే మానేశారు, నాకు కష్టమవుతుందని. "చింతచిగురు పప్పు" అన్నాను.

"ఇప్పుడు చిగురు ముదిరింది. ఎండకాలం రావాల్సింది మీరు" అంది సమ్మక్క. తిన్న విస్తరి పక్కన ఇంకో చిన్న ఆకు వేసి అందులో కొంచెం సంకటి పెట్టి చూరు కింద ఉంచింది. వాళ్లలో పోయినవాళ్లకు అలా పెడతారట.

తర్వాత జోగయ్య అసలు సంగతి చెప్పాడు. మూడేళ్ల కింద పెద్ద ఊళ్లో బోరింగు ఎక్కడ వెయ్యాలన్న మాట మీద అన్నదమ్ములకు తేడా వచ్చింది. వానాకాలం వాగు పొంగితే అవతలి చేలకు వెళ్లడం ఎలాగూ కష్టమే. జోగయ్యా ఇంకొన్ని ఇళ్లవాళ్లూ వాగు దాటి ఇక్కడ ఇళ్లు వేసుకున్నారు. పొమ్మన్నదీ ముత్తయ్యే, ఇళ్లకు వాసాలు పంపిందీ ముత్తయ్యే. ఇప్ప చెట్లు ఎవరి వంతువి వాళ్లకే ఉండిపోయాయి. అంతవరకు ఏ గొడవా లేదు.

గొడవ విత్తనాల పండుగ దగ్గర వచ్చింది. కోయ మాటలో విజ్జ పండుం. తొలకరికి ముందు ప్రతి ఇంటినుంచీ పిడికెడు విత్తనం ఆకు దొప్పలో తెచ్చి ఊరి దేవత ముందు పెట్టి, కోడిని కోసి, ఆ విత్తనాన్ని ఇంటి విత్తనంలో కలుపుకుంటారు. అది అయ్యాకే నాగలి కడతారు. రెండేళ్లు కొత్తగుంపువాళ్లు పెద్ద ఊరి పండుగకే వెళ్లారు. ఈ ఏడు తామూ ఒక దేవతను నిలుపుకున్నారు. ఆమె పెద్ద ఊరి దేవతకు చెల్లెలు. అంతా బాగానే ఉంది గానీ, జోగయ్య పెద్ద ఊరికన్నా ముందే పండుగ చేసేశాడు. అక్క తినకముందే చెల్లెలు తిన్నది.

"ముందు ఎందుకు చేశావ్?" అన్నాను.

"వాళ్లు చేసినంక చేస్తె వాళ్ల పండుగకు తోక మాది. వేరు ఊరెట్లయితది?"

పెద్ద ఊరివాళ్లు తిట్టలేదు, కొట్టలేదు. తమ పండుగకు పిలవలేదు. ఎడ్లు పంపలేదు. అంతే. దున్నే ఎడ్లన్నీ పెద్ద ఊళ్లో ఉన్నాయి. ప్రతి ఏడూ మాట సాయం మీద ఒకరివి ఒకరు వాడుకుంటారు. వాన పడి నేల పదునైంది. ఇంకో వారం ఆగితే పదును పోతుంది, జొన్న విత్తడం దాటిపోతుంది. కొత్తగుంపు ఏడాది తిండి ఆ జొన్నే.

"లాయరమ్మను అడిగిన. మా అన్నకు కోర్టు నోటీసు ఇయ్యొచ్చునా అని. నవ్వింది. సారు పెద్ద పెద్ద దేశాల పంచాయితీలు చెప్తడు, ఆయన్ను తెస్త అన్నది."

నేను శ్రీలత వైపు చూశాను. ఆమె కూర వైపు చూసింది.

నాకు తెలిసింది చెప్పాను. ఎడ్లు ఇవ్వమని ఏ కోర్టూ చెప్పదు. ఎవరైనా మేం వేరు అని ప్రకటించుకుంటే, ఆ ప్రకటన చెయ్యొద్దని చెప్పే చట్టం సూటిగా కనపడదు. అలాగని మిగతావాళ్లు గుర్తించి తీరాలని చెప్పే చట్టమూ లేదు. నేల, మనుషులు, పాలన, పక్కవాళ్లతో వ్యవహారం, ఇవి ఉంటే చాలు దేశమే అని కొందరు పండితులు అంటారు. పక్కవాళ్లు ఒప్పుకుంటేనే దేశం అని ఇంకొందరు. కెనడాలో క్యూబెక్ అనే భాగం విడిపోతానంటే అక్కడి పెద్ద కోర్టు మధ్యేమార్గంగా చెప్పింది. నీ అంతట నువ్వు పోవడానికి హక్కు లేదు. కానీ నీ జనం పోతామని స్పష్టంగా చెబితే, అవతలివాడు కూర్చుని మాట్లాడి తీరాలి.

జోగయ్య శ్రద్ధగా విన్నాడు. "ఆ కోర్టు యాడుంది?"

"కెనడాలో."

"మా అన్న భద్రాచలం దాకనే రాడు."

సమ్మక్క పక్కకు తిరిగి నవ్వింది. "ఇగ మీరే పోయి కూసోని మాట్లాడున్రి సారూ. ఈయన పోతె మళ్ల బోరింగు కాడికే వస్తది మాట" అంది.

పెద్ద ఊరు

సాయంత్రం ఒంటి చెప్పుతోనే మళ్లీ వాగు దాటాం. ముత్తయ్య ఇంటి ముందు నులక మంచం వాల్చి కూర్చోబెట్టాడు. జీలుగు కల్లు ఇచ్చాడు. తియ్యగా ఉందని రెండు దొప్పలు తాగాను. ఆ రాత్రి కడుపు దానికి తగిన శాస్తి చేసింది.

ముత్తయ్య తమ్ముడికన్నా నెమ్మది మనిషి. శ్రీలత ఆ సంగతి ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వేరు పొమ్మని నేనే అన్న. ఇల్లు కడితే వాసాలు పంపిన. దేవతను నిలుపుకుంటమంటె మా పూజారినే తోలిన. ముందు తినమని అన్ననా?"

"లేదు" అంది శ్రీలత.

"మరి?"

జోగయ్యకు చెప్పిందే మళ్లీ చెప్పాను, ఈసారి రెండో సగం నొక్కి. స్పష్టంగా అడిగినవాడితో మాట్లాడాలి. ఎరిట్రియా కథ కూడా చెప్పాను. ముప్పై ఏళ్లు పోరాడాక, ఇథియోపియా సరే అన్నాక, ఓట్లు వేసి విడిపోయింది. తల్లి దేశమే ఒప్పుకుంది కాబట్టి ప్రపంచంలో ఎవరికీ పేచీ లేకపోయింది. నైజీరియా నుంచి విడిపోయిన బయాఫ్రాను నాలుగైదు దేశాలు ఒప్పుకున్నా తల్లి దేశం ఒప్పుకోలేదు. అది మిగల్లేదు.

"ముప్పై ఏండ్లు కొట్లాడినంక సరే అన్నరా?" అన్నాడు ముత్తయ్య.

"అవును."

"ముందే అంటె అయిపోతుండె గద."

ఆయన లోపలికి వెళ్లి పూజారితో, తన భార్యతో కోయ మాటలో చాలాసేపు మాట్లాడాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బయటికొచ్చి చెప్పాడు. చెల్లెలు చుట్టపుచూపుగా అక్క ఇంటికి రావాలి. అక్క చేతి కూడు తినాలి. అప్పుడు ముందు తిన్నది తప్పు కింద రాదు, ఆకలికి తిన్నదవుతుంది. ఎల్లుండి మా పండుగ. విత్తనం తీసుకుని వాగు దాకా రమ్మను.

"వాగు దాకానా, ఊళ్లోకా?" అని శ్రీలత అడిగింది.

"చుట్టం ఊరి బయట ఆగుతడు. కాళ్లకు నీళ్లు తెస్తె లోపలికొస్తడు. తేకపోతె తిరిగి పోతడు."

"మీరు తెస్తారా?"

"మా వాళ్లను అడగాలె" అన్నాడు.

వాగు ఒడ్డున

పండుగ రోజు పొద్దున కొత్తగుంపువాళ్లందరూ ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరారు. దేవత గుర్తుగా పసుపు గుడ్డ చుట్టిన కర్ర ఒకటి, ఇంటింటి విత్తనం ఉన్న మోదుగాకు దొప్పలు. వాగు దాటి ఇవతలి ఒడ్డున మామిడి చెట్టు కింద ఆగాలి. జోగయ్య ఆగలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నేరుగా ఊళ్లోకి నడిచాడు. అతను పుట్టిన ఊరు, కళ్లు మూసుకున్నా కాళ్లు అటే పోతాయి. సమ్మక్క వెనకనుంచి తువ్వాలు పట్టి లాగింది.

"ఆగు. నువ్వు చుట్టానివి."

అతను వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ముఖం చిన్నదైంది.

అక్కడినుంచి చూస్తే పెద్ద ఊళ్లో డోలు మోగడం, పొగ లేవడం తెలుస్తోంది. ఎవరూ రావడం లేదు. ఎండ ఎక్కింది. పిల్లలు వాగులోకి దిగి ఆడుకోవడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన దొప్పలోని జొన్నలు ఎండకు వేడెక్కుతాయని తువ్వాలు కప్పాడు. నేను సోమాలియా నుంచి విడిపోయిన సోమాలీలాండ్ గురించి ఆలోచించాను. దానికి సొంత ప్రభుత్వం ఉంది, సొంత డబ్బు ఉంది, ఎన్నికలు జరుగుతాయి. పదిహేడేళ్లుగా ఏ దేశమూ దాన్ని దేశమనలేదు. క్లాసులో ఆ సంగతి ఒక నిమిషంలో చెప్పేస్తాను. ఆ ఒడ్డున నిలబడ్డవాళ్ల పక్కన నిలబడితే అది ఒక నిమిషం పని కాదు.

పోలికను ఎక్కువ దూరం లాగకూడదని నాకు తెలుసు. కొసావోలో ఊళ్లు తగలబడ్డాయి, మనుషులు చనిపోయారు, లక్షలమంది ఇళ్లు వదిలి పారిపోయారు. ఇక్కడ ఎవరి చేతిలోనూ కర్ర కూడా లేదు. కానీ ఎదురుచూపు మాత్రం ఎదురుచూపే.

"రారు" అన్నాడు జోగయ్య.

"వస్తరు" అంది సమ్మక్క.

"మా వదినెకు కోపమొస్తె మా అన్నే నీళ్లడగడు, ఇగ నాకు తెస్తదా?"

అప్పుడే ఆ వదిన కనిపించింది. చంకలో ఇత్తడి బిందె. పక్కన ముత్తయ్య, వెనక ఊరు. దగ్గరికొచ్చి ఆమె మొదట మరిదినే తిట్టింది. ఆలస్యం దేనికో ఆ తిట్ల మధ్య తెలిసింది. నీళ్లివ్వాలా వద్దా అని ఊళ్లో ఎవరూ వాదించలేదు. ఎవరు ఇవ్వాలన్నదే వాదన. సొంత మరిది కాళ్లకు నీళ్లివ్వడం ఎన్నడూ లేదు. ఇస్తే అతను ఇంటివాడు కాకుండా పోతాడు. ఆమె ఇవ్వనని పొయ్యి దగ్గరే కూర్చుందట. వేరే ఎవరైనా ఇస్తే పటేలు ఇల్లు ఒప్పుకోనట్టు అవుతుంది. చివరికి తనే లేచి వచ్చింది.

"కాళ్లు చాపు" అంది.

జోగయ్య చాపాడు. ఆమె నీళ్లు పోసింది. తర్వాత దేవత కర్ర మొదలు మీద పోసింది. తర్వాత సమ్మక్కకు, మిగతావాళ్లకు. నా వంతు వచ్చినప్పుడు నా కాళ్ల వైపు చూసి, "సారుకు చెప్పు ఒక్కటేనా?" అంది. అందరూ నవ్వారు.

దేవత ముందు రెండూళ్ల విత్తనం పక్కపక్కనే పెట్టారు. పూజారి ముందు అక్కకు, వెంటనే చెల్లెలికి కూడు పెట్టాడు. మనుషుల భోజనాలప్పుడు కొత్తగుంపువాళ్లను చాపల మీద ముందు వరుసలో కూర్చోబెట్టారు. చుట్టాలు ముందు తింటారు. ఊరివాళ్లు వడ్డిస్తారు. జోగయ్య విస్తరి ముందు రెండు నిమిషాలు కూర్చుని, లేచి, అలవాటుగా కూర గరిటె అందుకున్నాడు. ముత్తయ్య అతని చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

"కూసో."

"ఏండ్లకేండ్లు నేనే గద అన్నా వడ్డించింది."

"అప్పుడు ఈ ఊరోనివి."

జోగయ్య కూర్చున్నాడు. తల వంచుకుని చాలాసేపు ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. విడిపోయే హక్కు గురించి నేను చదివిన పుస్తకాలన్నిటిలో ఈ ఘట్టం లేదు. గుర్తింపు వచ్చిన రోజున గుర్తింపు అడిగినవాడికి ఏం పోతుందో వాటిలో ఎవరూ రాయలేదు. ముత్తయ్య అతని విస్తట్లో కోడి కాలు వేశాడు.

"తిను. తిని పో. పొద్దుగాల ఎడ్లు తెస్త."

అప్పుడు తిన్నాడు.

తిరుగు దారి

పొద్దున్నే మేం బయల్దేరుతుండగా ముత్తయ్య రెండు జతల ఎడ్లను తోలుకుని వాగు దాటాడు. కొత్తగుంపు మొదటి ఇంటి దగ్గర ఆగిపోయాడు. జోగయ్య అప్పటికే చేలో ఉన్నాడు. అక్కడినుంచే కేకేశాడు. "రా అన్నా, ఎండెక్కుతది."

"ఎట్ల రావాలె?" అన్నాడు ముత్తయ్య.

జోగయ్యకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. సమ్మక్కకు ముందే అర్థమై చెంబుతో వచ్చింది. "ఇగ రోజూ గిదే పనా మాకు?" అని గొణుగుతూనే బావ కాళ్ల మీద నీళ్లు పోసింది. ఎడ్లు ఆగకుండా చేలోకి పోయాయి. జోగయ్య నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి విత్తనం తీసి చాలులో వదలడం చూశాం. నేల నల్లగా, తడిగా ఉంది.

భద్రాచలంలో కొత్త చెప్పులు కొనుక్కున్నాను. ఖమ్మం నుంచి రైల్లో ఎక్కువ భాగం నిద్రపోయాను.

ఆగస్టులో, జార్జియా నుంచి విడిపోయామంటున్న అబ్ఖాజియా, దక్షిణ ఒసేషియాలను రష్యా గుర్తించింది. కొసావోను గుర్తించవద్దన్న దేశమే అది. కొసావోను గుర్తించిన దేశాలు ఇప్పుడు జార్జియా సరిహద్దులను తాకరాదంటున్నాయి. మన దేశం వీటిలో దేన్నీ గుర్తించలేదు. ఈ నెలలో ఐక్యరాజ్యసమితి సభ కొసావో ప్రకటన చట్టానికి తగిందేనా అని అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం అడిగింది. జవాబు ఏమొస్తుందో నాకు తెలియదు. ప్రకటన సంగతి కోర్టు చెప్పగలదు. కాళ్లకు నీళ్లు ఎవరు తేవాలో చెప్పలేదు. నా వ్యాసం ఇంచుమించు ఈ మాటతోనే పూర్తయింది. పిల్లల ప్రశ్నకు క్లాసులో జవాబు కూడా చెప్పాను. ఒక గంట పట్టింది.

నిన్న శ్రీలత ఫోన్ చేసింది. అన్నదమ్ములు మళ్లీ మాటా మాటా అనుకున్నారట. ఏమైందని అడిగాను.

"పెద్ద ఊరి ఆవులు వాగు దాటి కొత్తగుంపు చేలో పడ్డాయి సార్. ఊరు వేరైన సంగతి మనుషులకు తెలిసింది గానీ, ఆవులకు తెలీదుగా."

"పండుగ మాట గానీ, వేరు మాట గానీ వచ్చిందా?"

"లేదు సార్. ఆవుల మాటే. దగ్గరికొచ్చిందాకా చేలో అవి ఉన్నాయని జోగయ్యకు తెలీలేదంట."

జొన్న ఎంత ఎత్తు వచ్చిందని అడిగాను.

"అదే చెప్తున్నా సార్. ఆవులు కనపడనంత."